గ్రేస్ హాపర్

గ్రేస్ బ్రూస్టర్ ముర్రే హాపర్ (డిసెంబరు 9, 1906 – జనవరి 1, 1992) అమెరికాకు చెందిన గణితవేత్త, నౌకాదళ అధికారిణి. కంప్యూటర్ భాషలకు బాటలు వేసినవారిలో ముఖ్యురాలు. కోబాల్ భాషకు మూలమైన భావనలు చాలావరకు ఈమెవే. అయితే ఆ భాష అమలులోని దోషాలను వెదకి సరిదిద్దించే పద్ధతిని నెలకొల్పడానికి ఈమె వెచ్చించిన పదేళ్ళ గురించి తెలిసినవారు తక్కువ.

బాల్యం, విద్య

ఈమె న్యూయార్కు నగరంలో జన్మించింది. 1928లో వాసర్ కళాశాలలో పట్టభద్రురాలై, 1934లో యేల్ విశ్వవిద్యాలయం నుండి గణితంలో డాక్టరేటు పొందింది. 1931 నుండి వాసర్‌లోనే గణితం బోధించింది.

నౌకాదళ ప్రవేశం

రెండవ ప్రపంచ యుద్ధకాలంలో, 1943లో, నౌకాదళంలో చేరింది. ఉండవలసిన దానికంటె బరువు తక్కువ కావడంతో ప్రత్యేక అనుమతి పొందవలసి వచ్చింది. 1944లో హార్వర్డులోని మార్క్-1 యంత్రం వద్ద నియమితురాలయింది. ఆ యంత్రానికి ఆదేశాలను కాగితపు పట్టీపై రంధ్రాల రూపంలో ఇచ్చేవారు. ఒక్క రంధ్రం తప్పినా లెక్క తప్పేది.

ప్రోగ్రాములోని దోషాన్ని బగ్, అనగా పురుగు, అంటారు. ఈ మాటను హాపర్ కనిపెట్టిందని పలుచోట్ల వ్రాస్తుంటారు. అది నిజం కాదు. యంత్రదోషాలను ఇంజనీర్లు 19వ శతాబ్దంలోనే అలా పిలిచేవారు. 1947 సెప్టెంబరులో మార్క్-2 యంత్రపు రిలేలో నిజంగానే ఒక చిమ్మట దొరకగా, సిబ్బంది దానిని దినచర్య పుస్తకంలో అంటించారు. ఆ కథను ప్రచారంలోకి తెచ్చింది మాత్రం హాపరే.

కంపైలర్, కోబాల్

1949లో యూనివాక్ యంత్రాన్ని నిర్మిస్తున్న సంస్థలో చేరింది. పదేపదే వాడే ఆదేశాల సముదాయాలను చేతితో ఎత్తి వ్రాసేటప్పుడు తప్పులు దొర్లుతున్నాయని గమనించి, ఆ ఎత్తివ్రాతను యంత్రానికే అప్పగించింది. అలా 1952లో ఏ-0 అనే కంపైలర్ వెలువడింది. తరువాత ఆంగ్ల పదాలతో ఆదేశాలివ్వగల ఫ్లో-మాటిక్ భాషను ఆమె బృందం రూపొందించింది. 1959లో ఏర్పడిన సంఘం కోబాల్‌ను తయారుచేసినపుడు ఈ భాషే ప్రధాన ఆధారమయింది. ఆ సంఘానికి హాపర్ సాంకేతిక సలహాదారు. 1960 డిసెంబరులో ఒకే కోబాల్ ప్రోగ్రామును రెండు వేర్వేరు కంపెనీల యంత్రాలపై నడిపి చూపారు.

దోష పరీక్షలు

కష్టం అక్కడే మొదలయింది. భాషానియమాలు ఒక్కటే అయినా, కంపైలర్‌ను ప్రతి కంపెనీ తనకు తానే వ్రాసుకొనేది. నియమం అస్పష్టంగా ఉన్నచోట ఒక్కొక్కరు ఒక్కొక్క అర్థం తీసేవారు. యంత్రం మార్చితే ప్రోగ్రామును తిరగవ్రాయవలసి వచ్చేది.

1966 చివర పదవీ విరమణ చేసిన హాపర్‌ను నౌకాదళం 1967లో ఆరు నెలల కొరకని తిరిగి పిలిపించింది. ఆ ఆరు నెలలు సుమారు పందొమ్మిదేళ్ళయ్యాయి! 1977 వరకు ఆమె నౌకాదళపు ప్రోగ్రామింగ్ భాషల విభాగాన్ని నడిపింది. ఆమె బృందం కంపైలర్లను పరీక్షించడానికే ప్రోగ్రాములు వ్రాసింది. పరీక్ష పెట్టే ఉపాధ్యాయునికి జవాబు ముందే తెలిసినట్లు, ఈ ప్రోగ్రాములలో రావలసిన ఫలితం ముందే నిర్ణయమై ఉంటుంది. వచ్చిన ఫలితం దానితో సరిపోకపోతే కంపైలర్ నియమం తప్పినట్లు. ఒక దోషాన్ని సవరించినపుడు మరొకటి పుట్టవచ్చు గనుక, సవరణ తరువాత పాత పరీక్షలన్నిటినీ మళ్ళీ నడపడం అవసరం. తరువాత ఈ పరీక్షల బాధ్యతను ప్రభుత్వ ప్రమాణాల సంస్థ స్వీకరించింది.

1986లో రియర్ అడ్మిరల్ హోదాలో, 79 ఏళ్ళ వయసులో విరమించింది. ఆర్లింగ్టన్ జాతీయ శ్మశానవాటికలో ఆమె సమాధి ఉన్నది. 2016లో అమెరికా ప్రభుత్వం మరణానంతరం ప్రెసిడెన్షియల్ మెడల్ ఆఫ్ ఫ్రీడం ప్రకటించింది.

తెలుగువారికి సంబంధం

జ్ఞాపకస్థలం పొదుపు కొరకు పాత ప్రోగ్రాములలో సంవత్సరానికి చివరి రెండంకెలే వాడేవారు. ఇది కోబాల్ భాషాదోషం కాదు, వ్రాసినవారి అలవాటు. 1940లో పుట్టినవాని వయసు 2000లో 60 రావలసింది, 00 నుండి 40 తీసివేయగా తప్పుగా వస్తుంది. 1990వ దశకం చివర ఈ సవరణకు అమెరికాలో కోబాల్ తెలిసినవారు చాలలేదు. హైదరాబాదు శిక్షణ కేంద్రాలలో కోబాల్ నేర్చిన తెలుగు యువకులు పెద్ద సంఖ్యలో అక్కడికి వెళ్ళారు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలవారూ వారిలో ఉన్నారు. వారి పని కొత్త ప్రోగ్రాములు వ్రాయడం కాదు. ఎవరో ఎప్పుడో వ్రాసిన వేలాది పంక్తులు చదివి, తేదీలున్న చోటునల్లా సరిదిద్ది, మళ్ళీ నడిపి చూడడం.