జె.ఆర్.డి. టాటా (1904–1993)

పారిస్‌లో జన్మించిన జె.ఆర్.డి. టాటా 1929లో మన దేశంలో జారీ అయిన తొలి పైలట్ లైసెన్సును పొందారు. 1932 అక్టోబరు 15న ఉత్తరాల సంచులతో, ఒకే ఇంజను గల 'పస్ మాత్' విమానాన్ని స్వయంగా నడుపుతూ కరాచీ నుండి బొంబాయి చేరారు. నడుమ అహమ్మదాబాదులో ఆ విమానానికి ఇంధనం వచ్చింది ఎడ్లబండి మీద! ఎయిర్ ఇండియాకు బీజం పడినది ఆనాడే. మన హైదరాబాదులో నిజాం ప్రభుత్వం నెలకొల్పిన డెక్కన్ ఎయిర్‌వేస్‌లోనూ టాటాలు భాగస్వాములు.

1953లో విమాన సంస్థలు జాతీయమైన పిదప కూడ ఎయిర్ ఇండియా అధ్యక్షులుగా కొనసాగిన ఆయనను 1978లో ప్రభుత్వం తొలగించింది. పదవి పోయినా గగనయానంపై మమకారం పోలేదు. తొలి ప్రయాణానికి 50 ఏళ్లు నిండిన దినాన, 78 ఏళ్ల వయస్సులో, బాగుచేయించిన పాత 'లెపర్డ్ మాత్' విమానాన్ని తామే నడుపుతూ ఆ దారినే వచ్చి జుహూలో సురక్షితంగా దిగారు.