విత్తనమునకై బ్రతికిన వావిలోవు

లోకమునకు అన్నము పెట్టు విత్తనములను జీవితమంతయు ప్రోగుచేసిన మహనీయుడు తుదకు చెరసాలలో ఆకలిచే మరణించెనన్న నమ్ముట కష్టము. రష్యా శాస్త్రజ్ఞుడు నికోలాయి వావిలోవు చరిత్ర మట్టిది. మా పాఠకులలో పెక్కురు సేద్యము గలవారు గావున దానిని జ్ఞప్తికి తెచ్చుట మా విధియని తలంచితిమి.

ఆయన 1887లో మాస్కో నగరమున జన్మించి కృషిశాస్త్రము నభ్యసించెను. 1921లో వోల్గా ప్రాంతమున లక్షలాది ప్రజలు క్షామమునకు బలియగుచుండ, ఆ యేటనే పెట్రోగ్రాడు చేరి అచ్చటి వృక్షశాస్త్ర సంస్థ భారమును వహించెను. తెవులునకును అనావృష్టికిని తాళగల పైరు కావలెనన్న, ఆ గుణముగల గింజ ముందుగా దొరకవలెను. అది రైతు గాదెలోనే దొరకునని ఆయన గ్రహించెను. అంతట 1924లో ఆఫ్ఘనిస్థానము, 1927లో ఇథియోపియా, 1930లో మెక్సికో మొదలుగా దేశదేశములు తిరిగి, సంతలందును పొలములందును మచ్చులు సేకరించెను. ఏ సీమలో ఒక పైరు రకములు మిక్కుటముగా నున్నవో ఆ సీమయే దాని పుట్టినిల్లని 1926లో ప్రకటించెను. వరికి పుట్టినిల్లుగా మన దేశమునే యెంచెను. 1940 నాటికి సంస్థలో చేరిన మచ్చులు సుమారు 2,50,000.

ఇంతలో లైసెంకో యనువాడు అనువంశిక శాస్త్రమును నిరాకరించి స్టాలిను ప్రాపు సంపాదించెను. వావిలోవు తన శాస్త్రమును విడువలేదు. 1940 ఆగస్టులో పశ్చిమ యుక్రెయినున విత్తనములు వెదకుచుండగనే ఆయనను బంధించిరి. మరణశిక్ష విధించి, పిమ్మట దానిని 20 ఏండ్ల ఖైదుగా మార్చిరి. 1943 జనవరి 26న సరతోవు చెరలో ఆయన ప్రాణములు విడిచెను. ఆ కాలముననే లెనిన్‌గ్రాడు నగరము జర్మనుల ముట్టడిలో నుండెను. సంస్థ ఉద్యోగులు కొందరు ధాన్యపు మూటల నడుమ ఆకలిచే కూలిరి గాని విత్తనమును ముట్టలేదు. వరి మచ్చులను కాచిన దిమిత్రీ ఇవానోవు వారిలో నొకడు. 1955లో ప్రభుత్వము వావిలోవు శిక్షను రద్దుచేసెను. నేడు ఆ సంస్థ ఆయన పేరనే యున్నది.

భాండాగారమునందలి గింజ భద్రముగ నిద్రించును. పొలమునందలి గింజ యేటేట ఎండకును వానకును తన్ను దిద్దుకొనును. మనకు రెండును కావలెను. పటాన్‌చెరువులోని అంతర్జాతీయ సంస్థ జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుసెనగ రకములను కాపాడుచున్నది. జహీరాబాదు ప్రాంతపు పేద స్త్రీల సంఘములు ఊరనే విత్తన నిధులు నెలకొల్పి, విత్తులు అప్పిచ్చి, పంటనాడు హెచ్చుగా కొలిపించుకొను పద్ధతి నేర్పరచుకొన్నవి. ఇట్టి రెండు విధముల నిధులకును నడుమ రాకపోకలుండవలెను. రైతునుండి తీసికొనిన గింజ రైతు అడిగిననాడు తిరిగి అతని చేతికి రావలెను. మా పాఠకులును తమ తాతలనాటి వరినో జొన్ననో ఒక్క మడిలోనైనను ఏటేట విత్తి నిలుపుదురు గాక యని మా మనవి.