నిత్య విద్యార్థి గిడుగు రామమూర్తి పంతులుగారు

ఉపాధ్యాయుడు పిల్లలకు చదువు చెప్పుట అందరూ చూచుచున్నారు. ఆ ఉపాధ్యాయుడు తాను ఎప్పుడు చదువుకొనుచున్నాడు, ఎవరివద్ద నేర్చుకొనుచున్నాడు అని అడుగువారు తక్కువ. ఉద్యోగములో చేరిననాటి చదువుతోనే ముప్పది యేండ్లు నెట్టుకొని వచ్చువాడు, తాను నిలిచిపోవుటయే గాక తన తరగతిని కూడ నిలిపివేయును. బడిపంతులు జీవితాంతము విద్యార్థిగా ఉన్నచో ఏమి సాధింపగలడో తెలియవలెనన్న, గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారి చరిత్ర చదువవలెను. వ్యావహారిక భాషోద్యమ నాయకులుగా వారి పేరు వినని తెలుగువారు అరుదు. ఆ ఉద్యమమునకు వెనుక ఒక బడిపంతులు తన వృత్తిలో తాను ఎదుగుటకు పడిన శ్రమ ఉన్నదను సంగతి మాత్రము అంతగా ప్రచారములోనికి రాలేదు.

పంతులుగారు 1863వ సంవత్సరము ఆగస్టు 29వ తేదీన శ్రీకాకుళమునకు ఉత్తరమున, వంశధారా తీరమున, ముఖలింగ క్షేత్రమునకు సమీపమున ఉన్న పర్వతాలపేటలో జన్మించినారు. తండ్రి వీర్రాజుగారు రెవెన్యూ శాఖలో ఉద్యోగి. తల్లి వెంకమ్మగారు. బాల్యములోనే తండ్రి విషజ్వరముతో మరణించినారు. బాలుడు విజయనగరములో బంధువుల యింట ఉండి మహారాజావారి పాఠశాలలో చదువుకొన్నారు. గురజాడ అప్పారావుగారితో స్నేహము అక్కడ కుదిరినదే. 1879లో మెట్రిక్యులేషన్ పరీక్షలో ఉత్తీర్ణులయినారు. పైచదువులకు స్తోమత లేదు. కుటుంబభారము మీద పడినది. 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో నెలకు ముప్పది రూపాయల జీతముమీద ఉపాధ్యాయులుగా చేరినారు.

అనేకుల చదువు ఉద్యోగముతో ముగియును. పంతులుగారికి అసలు చదువు అక్కడనే ప్రారంభమయినది. పగలు బడిలో పాఠములు చెప్పుచు, తక్కిన వేళలలో తాము చదువుకొనుచు, 1886లో ఎఫ్.ఏ. పరీక్షలోను, అటుపిమ్మట చరిత్ర ప్రధాన విషయముగా బి.ఏ.లోను ప్రయివేటుగా కృతార్థులయినారు. రాజావారి పాఠశాల కళాశాలగా పెరిగినది. మొదట చిన్న తరగతులకు చెప్పిన పంతులుగారు క్రమముగా కళాశాల తరగతులకు చెప్పు స్థితికి వచ్చినారు. బడి పెరిగినది, బడితోపాటు పంతులును పెరిగినారు.

పరీక్షలతోనే వారు తృప్తి పడలేదు. చరిత్ర బోధించువాడు పుస్తకములోని రాజుల పేర్లు వల్లె వేయించిన చాలదని వారికి తోచినది. దగ్గరనే ముఖలింగ దేవాలయపు గోడలనిండ శాసనములు ఉన్నవి. వానిని చదివి చెప్పు గురువు అందుబాటులో లేడు. పంతులుగారు స్వయముగా ప్రాచీన లిపులు నేర్చి, శాసనములు చదివి, కళింగదేశమును ఏలిన గాంగరాజుల కాలనిర్ణయమును గూర్చి వ్యాసములు వ్రాసినారు. మారుమూల సంస్థానములోని ఉపాధ్యాయుడు పండిత పరిశోధకుల సరసన నిలిచినాడు.

వారి జీవితమును మలుపు త్రిప్పినది సవరల భాష. పర్లాకిమిడి చుట్టునున్న కొండలలో సవరలు నివసింతురు. వారి భాషకు లిపి లేదు, పుస్తకము లేదు. వారి పిల్లలకు చదువు చెప్పవలెనన్న పంతులుకు వారి మాట రాదు, పిల్లలకు పంతులు మాట రాదు. ఈ అగాధమును దాటు బాధ్యత పిల్లవానిది కాదు, ఉపాధ్యాయునిదే అని పంతులుగారు తలంచినారు. సవరభాషయు తెలుగును ఎరిగిన ఒక వ్యక్తిని తమ యింట ఉంచుకొని, అతని శిష్యులయి ఆ భాష నేర్చుకొన్నారు. పలుకులోని సూక్ష్మధ్వనులను పట్టుకొనుటకు ధ్వనిశాస్త్రము అభ్యసించినారు. తెలుగు లిపిలో సవరలకు వాచకములు సిద్ధము చేసినారు. సొంత ధనముతో బడులు పెట్టి, అందలి ఉపాధ్యాయులకు తామే జీతములు ఇచ్చి, సవర పిల్లలకు సవరభాషలోనే చదువు చెప్పించినారు. తాము నేర్చుకొనుటతో ఆగక, నేర్పగల ఉపాధ్యాయులను నిలబెట్టుట ఇందలి గొప్పతనము.

ఇందుకు వారు చెల్లించిన మూల్యము తక్కువది కాదు. మన్యములో తిరిగినందువలన చలిజ్వరము పట్టినది. దానికై వాడిన క్వినైను మందువలన చెవుడు వచ్చినది. మాటలోని ధ్వనిని వినుటయే తపస్సుగా పెట్టుకొన్నవారికి వినికిడియే పోయినది. అయినను వారు పని మానలేదు. 1931లో వారి సవరభాషా వ్యాకరణమును, ఆ తరువాత నిఘంటువును వెలువడినవి.

ఈ ఘట్టము మన అచ్చంపేట ప్రాంతము వారు ప్రత్యేకముగా మననము చేసికొనదగినది. మన ఊరి నుండి మన్ననూరు మీదుగా ఘాటు ఎక్కినచో అమ్రాబాదు పీఠభూమి, నల్లమల అడవి, చెంచుల పెంటలు. చెంచులు పలుకునది తెలుగే. అయినను వారి యాస వేరు, వారి అనుభవము వేరు. తేనె, గడ్డలు, అడవి త్రోవలు ఎరిగిన పిల్లవాని ముందు, అతడు ఎన్నడును చూడని పట్టణపు పాఠము పెట్టి, రాలేదని మందలించిన తప్పు ఎవరిది? పర్లాకిమిడిలో పంతులుగారు వేసికొన్న ప్రశ్న పెంటలోని బడిలో నేటికిని వేసికొనవలసినదే. తెలంగాణమునందే ఆదిలాబాదు జిల్లా మార్లవాయిలో 1943లో గోండు యువకులను ఉపాధ్యాయులుగా తీర్చుటకు శిక్షణకేంద్రము తెరచి, గోండి భాషలో చదువు చెప్పించినారు. అంతకు కొన్ని దశాబ్దములకు ముందే ఒక్క బడిపంతులు తన జీతపు రాళ్ళతో ఆ మార్గము చూపినాడు.

సవరలకు వారి మాటలో చదువు చెప్పిన పంతులుగారికి, తెలుగు పిల్లల సంగతి ఏమి అను ప్రశ్న కలుగుట సహజము. ఆనాటి తెలుగు వాచకములు వాడుకలో లేని గ్రాంథికభాషలో ఉండెడివి. పిల్లవాడు ఇంట మాటలాడు తెలుగు బడిలో తప్పయ్యెడిది. 1906-07 ప్రాంతములో ఉత్తరకోస్తా జిల్లాల పాఠశాలల పర్యవేక్షకులుగా వచ్చిన యేట్సు దొరగారికి ఈ తేడా వింతగా తోచి, దానిని గూర్చి విచారించినారు. పంతులుగారు ఆ విషయమును పట్టుకొని, ప్రాచీన గ్రంథములను, వ్యాకరణములను మరల మొదటినుండి పరిశీలించినారు. 1911లో ముప్పదియేండ్ల ఉద్యోగమునుండి స్వచ్ఛందముగా విరమించి, ఊరూర తిరిగి ఉపాధ్యాయుల యెదుటను, పండితుల యెదుటను ఉపన్యాసములు ఇచ్చినారు.

జయంతి రామయ్యపంతులుగారు మొదలయిన ఉద్దండులు వారిని ఎదిరించినారు. విద్యాశాఖ ఒకప్పుడు వాడుకభాషకు కొంత చోటు ఇచ్చి, మరల వెనుకకు తీసికొన్నది. పంతులుగారు 1919లో వర్తమానాంధ్ర భాషాప్రవర్తక సమాజ స్థాపనకు తోడ్పడినారు. ఆ సమాజమునకు కందుకూరి వీరేశలింగముగారు అధ్యక్షులు, పంతులుగారు కార్యదర్శి. ఆ యేడే తెలుగు అను మాసపత్రికను ప్రారంభించినారు. అది ఒక్క సంవత్సరము మాత్రమే నడచినది. 1925లో తణుకులో జరిగిన ఆంధ్రసాహిత్య పరిషత్తు సభలో, గ్రాంథికవాదుల గ్రంథములనుండియే ఉదాహరణములు చూపి తమ వాదమును నిలిపినారు. చెవి వినకున్నను వారు వాదములో వెనుకంజ వేయలేదు.

ప్రభుత్వము 1913లో బిరుదు నిచ్చి, 1934లో కైజర్-ఎ-హింద్ పతకము నిచ్చి వారిని గౌరవించినది. 1938లో ఆంధ్ర విశ్వవిద్యాలయము కళాప్రపూర్ణ బిరుదముతో సత్కరించినది. 1936లో పర్లాకిమిడి కొత్తగా ఏర్పడిన ఒరిస్సా రాష్ట్రములో చేరగా, అర్ధశతాబ్దికి పైగా నివసించిన ఊరిని విడిచి వారు రాజమహేంద్రవరము వచ్చినారు. 1940 జనవరి 22వ తేదీన మదరాసులో పరమపదించినారు. తెలుగు పాఠ్యపుస్తకములలో వాడుకభాష స్థిరపడుటను కన్నులార చూచు భాగ్యము వారికి లేకపోయినది. నేడు వారి జన్మదినమును తెలుగు భాషాదినోత్సవముగా జరుపుకొనుచున్నాము.

నేటి ఉపాధ్యాయునికి అవకాశములు మిక్కుటము. 1986 నాటి జాతీయ విద్యావిధానము పిమ్మట జిల్లా విద్యాశిక్షణ సంస్థలు వెలసినవి. 2020 నాటి విధానము ప్రతి ఉపాధ్యాయుడును ఏటేట కనీసము 50 గంటలు తన వృత్తిలో అభివృద్ధికి వినియోగించు వీలు ఉండవలెనని నిర్దేశించినది. ఇది మంచిదే. అందరు ఉపాధ్యాయులును గిడుగువారివలె సొంత ధనము, సొంత ఆరోగ్యము ధారపోయవలెనని కోరుట న్యాయము కాదు. ఆ భారము ప్రభుత్వమును, సంఘమును మోయవలసినది. కాని శిక్షణ తరగతిలో హాజరు వేయించుకొన్నంత మాత్రమున ఎవరును ఎదుగరు. నాకు ఇంకను తెలియదు అను వినయము లేనిచో 50 గంటలును వృథా. ఆ వినయము ఉన్నచో, అడవిలోని నిరక్షరుడయిన సవరయు గురువే.

పంతులుగారికి శిక్షణసంస్థ లేదు; పుస్తకము ఉన్నది, చుట్టునున్న జనుల పలుకు ఉన్నది. ఈ రెండును మనకును ఉన్నవి. ఇరువదియైదేండ్లుగా మన గ్రంథాలయపు తలుపు తెరచియున్నది. బడి విడిచిన తరువాత సాయంకాలము ఆ తలుపు దాటి లోనికి వచ్చి కూర్చుండు ప్రతి ఉపాధ్యాయుడును గిడుగువారి త్రోవలో ఒక అడుగు వేసినవాడే. అతని వెంట మరునాడు తరగతిలోని నలుబదిమంది పిల్లలును ఆ అడుగు వేయుదురు.