శ్రీరాములుగారి రెండు విద్యాలయములు

పొట్టి శ్రీరాములుగారి పేరెఱుగని బడిపిల్లవాడు ఆంధ్రదేశమున ఉండడు. ఆయన 58 దినములు నిరాహారులై ప్రాణములు విడిచిన కథ పాఠ్యపుస్తకములందు కలదు, పరీక్షలలో దానిపై ప్రశ్నయు కలదు. కాని ఆ మహనీయుడు ఇంజనీరింగు చదివినవాడనియు, అందులోను మంచినీటి గొట్టములు, మురుగుకాలువలు, మరుగుదొడ్లు మొదలగువాని నిర్మాణవిద్యను అభ్యసించినవాడనియు చెప్పినచో విద్యార్థులే కాదు, వారికి పాఠము చెప్పు పెద్దలలోను పలువురు ఆశ్చర్యపడుదురు. 51 సంవత్సరములు జీవించిన మనుష్యుని 58 దినములకు కుదించుట మనము ఆయనకు చేసిన అన్యాయము.

శ్రీరాములుగారి పెద్దలు కనిగిరి ప్రాంతమందలి పడమటిపల్లె వారు. ఆ సీమ అప్పుడు నెల్లూరు జిల్లాలోనిది. 1970లో ఒంగోలు కేంద్రముగ క్రొత్త జిల్లా ఏర్పడినపుడు దాని నుండి విడివడెను. అది వానదేవుని నమ్ముకొన్న మెట్టభూమి. కరవు వచ్చినపుడు గురవయ్య, మహాలక్ష్మమ్మ దంపతులు బ్రతుకుతెరువు వెదకుకొనుచు చెన్నపట్టణము చేరిరి. అచట జార్జిటౌనులోని అణ్ణాపిళ్ళె వీధియందు 1901 మార్చి 16వ తేదీన శ్రీరాములుగారు జన్మించిరి. కావలికి తూర్పుగ సముద్రపుటొడ్డుననున్న జువ్వలదిన్నె గ్రామమును ఆయనను తనవానిగనే చెప్పుకొనును. కరవుచేత ఊరు విడిచిన ఇంటిలో నీటి విలువ బిడ్డలకు వేఱుగ బోధింప నక్కఱ లేదు.

ఉన్నత పాఠశాల చదువు చెన్నపట్టణముననే సాగెను. ఆ పట్టణపు పొలిమేరయందే గిండి ఇంజనీరింగు కళాశాల కలదు. 1794లో సర్వే పాఠశాలగ పుట్టిన ఆ విద్యాలయము దక్షిణదేశమున ఇంజనీరు కాదలచిన వారికి కాశీక్షేత్రము వంటిది. అయితే దానికి త్రోవ పొడవైనది. ఇంటర్మీడియేటు ముగింపవలెను, ఆపై మఱికొన్ని యేండ్లు చదువవలెను. అన్నియు దాటినవానికి విశ్వవిద్యాలయపు పట్టమును, ప్రభుత్వ మరామత్తు శాఖలో గౌరవస్థానమును లభించెడివి. రెండవ త్రోవ బొంబాయిది. విక్టోరియా రాణి స్వర్ణోత్సవ స్మారకముగ 1887లో స్థాపింపబడిన విక్టోరియా జూబిలీ టెక్నికల్ ఇన్స్టిట్యూట్ విశ్వవిద్యాలయపు పట్టముల నిచ్చునది కాదు. తన డిప్లొమా తానే ఇచ్చెడిది. మిల్లులకును, కార్ఖానాలకును, నగరములకును కావలసిన పని తెలిసిన వారిని తయారుచేయుట దాని ఉద్దేశము. పట్టము గొప్పదా, పని గొప్పదా యను ఈ వాదము నేడును ప్రవేశపరీక్షల ఫలితములు వెలువడిన మరునాడు ఇంటింట వినబడుచునే యున్నది.

శ్రీరాములుగారు బొంబాయికి వెళ్ళిరి. సుమారు 800 మైళ్ళ దూరము, ఎఱుగని భాష. పూర్తిగ పరాయి ఊరనుటకును వీలులేదు. ఆ నగర నిర్మాణమునకు రాళ్ళు మోసిన తెలుగు కామాటీల పేరనే అచట కామాటిపుర యను పేట వెలసినది. అయినను చెప్పుకోదగినది ఆయన చేరిన నగరము కాదు, ఎన్నుకొన్న విద్య. విద్యుత్తు కలదు, యంత్రశాస్త్రము కలదు. రెండును పిలిచి పీట వేయించు చదువులే. ఆయన చదివినది సానిటరీ ఇంజనీరింగు, అనగా పారిశుద్ధ్యవిద్య.

ఆ విద్య విలువ తెలియుటకు బొంబాయికి మించిన చోటు లేదు. 1896లో అచట ప్లేగు ప్రవేశించి, వేలకొలది జనమును కబళించి, అంతకంటె పెక్కుమందిని ఊరు విడిచి పరుగిడునట్లు చేసెను. ఇరుకు గృహములు, వెలుగు చొరని గదులు, నిలిచిన మురుగు, ఇవి రోగములకు పుట్టిండ్లని అందఱు చెప్పిరి. రెండేండ్లకు నగరమును చక్కదిద్దుటకై ప్రత్యేకముగ ఒక ట్రస్టు ఏర్పడెను. పారిశుద్ధ్యశాస్త్రము పైకి నీచముగ కనబడినను లోపల మిక్కిలి సూక్ష్మమైనది. కాలువకు వాలు తక్కువైనచో మడ్డి అడుగున పేరుకొనును. నీరు తన వేగముచేతనే మడ్డిని త్రోసికొని పోవునట్లు ఆ వాలును లెక్కించి కట్టవలెను. దొడ్డి క్రింది గొట్టమును హంసమెడవలె వంచినచో ఆ వంపులో నిలిచిన కొద్దిపాటి నీరే దుర్గంధమును ఇంటిలోనికి రానీయక అడ్డుకొనును. బావికిని మలకూపమునకును నడుమ ఎంత ఎడముండవలెనో నేల స్వభావమును బట్టి నిర్ణయింపవలెను.

మన దేశమున ఈ విద్యకు మఱియొక ముఖము కూడ కలదు. సరియైన గొట్టము లేనిచోట దాని పనిని మనుష్యుడు చేయవలసి వచ్చుచున్నది. మలమును చేతులతో ఎత్తి, తట్టలో పెట్టుకొని, నెత్తిపై మోయు పని తరతరములుగ కొన్ని కులముల వారిపైననే పడినది. పాకీపని యని దానికి పేరు పెట్టి, ఆ పని చేయువారిని అంటరానివారని వెలివేసిరి. ఇంజనీరు వంచిన ఒక్క గొట్టము ఒక మనుష్యుని నెత్తిపై తట్టను దింపగలదు. ఈ పనిని నిషేధించుచు 1993లో ఒక చట్టము, చాలదని 2013లో మఱొక చట్టము చేయవలసి వచ్చెనన్నచో రోగము ఎంత లోతైనదో పాఠకులే గ్రహింతురు.

చదువు ముగించిన పిమ్మట శ్రీరాములుగారు గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైల్వేలో ఉద్యోగమున చేరి సుమారు నాలుగేండ్లు పనిచేసిరి. మన దేశమున ప్రయాణికులతో మొదటి రైలును 1853లో నడిపిన సంస్థ అది. అందులో స్థిరపడినవారికి జీవితాంతము దిగులు లేదు. ఇంతలో పిడుగుపాటు. భార్యయు, అప్పుడే పుట్టిన శిశువును మరణించిరి. అప్పటికాయనకు ముప్పదియేండ్లు నిండలేదు. బంధువులు సాధారణముగ చూపు మార్గము మరల పెండ్లి. ఆయన ఆ మార్గము పట్టక, కొంతకాలమునకు ఉద్యోగమునకు రాజీనామా ఇచ్చి, సబర్మతి ఆశ్రమమునకు వెళ్ళిరి. ఇది ఆయన రెండవ విద్యాలయము.

గాంధీజీ 1915లో కోచ్రబ్ నందు ఆరంభించి 1917లో సబర్మతీతీరమునకు మార్చిన ఆ ఆశ్రమమున పట్టము లేదు, జీతము లేదు. అచటి తొలి పాఠములలో ఒకటి మరుగుదొడ్లు శుభ్రపఱచుట. బ్రాహ్మణుడైనను, ధనికుడైనను తన వంతు వచ్చినపుడు చీపురు పట్టవలసినదే. మురుగు పాఱుదలను లెక్కగట్టి నేర్చిన ఇంజనీరు అదే మురుగును స్వహస్తములతో ఎత్తు చోటికి చేరెనన్నమాట. చాలమంది ఆయన చదువును వదలివేసిరని వ్రాయుదురు. అది సరి కాదు. వదలినది జీతము, చదువు పోయి పోయి తన మూలమునకు చేరెను.

1930 నాటి ఉప్పు సత్యాగ్రహమున పాల్గొని ఆయన కారాగారమున కేగిరి. 1941-42లలో వ్యక్తి సత్యాగ్రహము, క్విట్ ఇండియా ఉద్యమములలో మఱి మూడు పర్యాయములు. గుజరాతులోని రాజకోటయందును, కృష్ణాజిల్లా కొమరవోలున యెర్నేని సుబ్రహ్మణ్యముగారు స్థాపించిన గాంధీ ఆశ్రమమునందును గ్రామపునర్నిర్మాణమున పాటుపడిరి. పిమ్మట నెల్లూరు చేరిరి. ఆ సీమకు ఇది క్రొత్త గాలి కాదు. పెన్న సముద్రమున కలియుటకు ముందు తాకిపోవు పల్లెపాడున పినాకినీ సత్యాగ్రహాశ్రమమును గాంధీజీ 1921లోనే ప్రారంభించి యుండిరి. 1943-44లలో శ్రీరాములుగారు జిల్లాయంతట రాట్నమును ప్రచారము చేసిరి.

నెల్లూరివారు ఆయనను చూచిన తీరు చెప్పుకోదగినది. మిట్టమధ్యాహ్నపుటెండలో చెప్పులు లేక, గొడుగు లేక, దళితుల ఉద్ధరణమును గూర్చి వ్రాసిన అట్టలను ఒంటిపై ధరించి వీథులవెంట నడచెడివారు. కులమెంచక ఎవరింట పెట్టినను భుజించెడివారు. పిచ్చివాడని నవ్వినవారు కొందఱు. తన కులమువారిలోనే నిందించినవారు మఱికొందఱు. నవ్విన వీథులలోనే తరువాత విగ్రహములు లేచినవి.

1946లో నెల్లూరు మూలాపేట వేణుగోపాలస్వామి ఆలయమున దళితులకు ప్రవేశము కలిగింపవలెనని ఆయన నిరాహారదీక్ష పూనిరి. తలుపులు తెఱచుకొనెను. మదరాసు రాష్ట్రమంతటికిని ఆలయప్రవేశపు చట్టము 1947లో వచ్చెను. అంతటితో ఆయన ఊరకుండలేదు. మరల ఉపవసించి, జిల్లా కలెక్టర్లు వారమున కొక దినమైనను దళితుల మేలునకు కేటాయింపవలెనని ప్రభుత్వముచేత ఉత్తరువులు చేయించిరి. ఇందులో ఇంజనీరు చూపు కనబడును. తలుపు తెఱచినంతమాత్రమున చాలదు, నీరు ప్రతిదినము పాఱవలెను గదా.

ప్రత్యేకాంధ్రమునకై 1951లో స్వామి సీతారాముగారు 35 దినములు ఉపవసించి, వినోబాజీ మాటపై విరమించిరి. ఫలితము కానరాలేదు. 1952 అక్టోబరు 19న చెన్నపట్టణమున, మైలాపూరులోని బులుసు సాంబమూర్తిగారి యింట శ్రీరాములుగారు దీక్షకు కూర్చుండిరి. పెద్దలు మొదట ఆయన మాటను లెక్కసేయలేదు. లెక్కసేయునప్పటికి కాలము మించిపోయెను. డిసెంబరు 15వ తేదీ రాత్రి ఆయన కన్నుమూసిరి. తెలుగు జిల్లాలలో రైళ్ళు నిలిచిపోయెను, కాల్పులు జరిగెను, ప్రాణములు పోయెను. నాలుగు దినములకు నెహ్రూ పండితుడు ఆంధ్ర రాష్ట్ర నిర్మాణమును ప్రకటించిరి.

1953 అక్టోబరు 1వ తేదీన కర్నూలు రాజధానిగ ఆంధ్ర రాష్ట్రము అవతరించెను. నెల్లూరు జిల్లాకు 2008లో ఆయన పేరు చేర్చిరి. చెన్నపట్టణము మాత్రము రాలేదు. ఆయన పుట్టిన అణ్ణాపిళ్ళె వీధియు, ప్రాణము విడిచిన మైలాపూరు ఇల్లును సరిహద్దుకు ఆవలి వైపుననే ఉండిపోయినవి.