అణాకొక దోమ: సికింద్రాబాదులో తేలిన మలేరియా గుట్టు

మగ్రిబ్ వేళ అయిందంటే చాలు, మా కాప్రాలో ఇంటింటా కిటికీలు మూసుకుంటాయి. చెరువు వైపు నుంచి దోమలు దండులా వస్తాయి. కొందరు వేపాకు పొగ వేస్తారు, కొందరు చుట్ట వెలిగిస్తారు. పసిపిల్లలున్న ఇళ్లలో దోమతెర దించుతారు. దోమ కుడితే జ్వరం వస్తుందని మన ఇళ్లలో అయిదేళ్ల పిల్లవాడికి కూడా తెలుసు. అయితే 1897 ఆగస్టుకు ముందు ఈ మాటను రుజువు చేసి చూపిన వైద్యుడు ప్రపంచంలో ఒక్కడూ లేడు. ఆ రుజువుకు తొలి మెట్టు పడింది దూరదేశంలో కాదు, మన సికింద్రాబాదు పక్కనున్న బేగంపేటలోనే. ఆ పని చేసిన డాక్టరు సర్ రొనాల్డ్ రాస్. ఆయన పని సాగేందుకు తన చేతిని దోమలకు అప్పగించిన రోగి హుసేన్ ఖాన్. రాస్ పేరు పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కింది. హుసేన్ ఖాన్‌ను తలచుకునేవారు తక్కువ. ఈ వారం ఆ ఇద్దరి సంగతీ మన పాఠకులకు చెప్పాలనుకుంటున్నాము.

కవి కావాలనుకున్న డాక్టరు

మీరట్‌లో సిపాయిల తిరుగుబాటు మొదలైన మూడు రోజుల తరువాత, 1857 మే 13న, హిమాలయ పాదాలలోని అల్మోరాలో రాస్ జన్మించారు. తండ్రి బ్రిటిష్ సైన్యంలో పెద్ద అధికారి. పదిమంది సంతానంలో రాస్ పెద్దవాడు. ఎనిమిదేళ్ల వయసులో చదువు కోసం ఇంగ్లాండుకు పంపారు. ఆ పిల్లవాడి మనసంతా బొమ్మలు గీయడం మీద, కవిత్వం మీద, లెక్కల మీద ఉండేది. తండ్రి మాత్రం డాక్టరు కావలసిందేనన్నారు. తండ్రి మాట కాదనలేక లండన్‌లోని సెయింట్ బార్తొలోమ్యూ ఆసుపత్రి కళాశాలలో చేరారు. ఇష్టం లేని చదువు కనుక అంతంతమాత్రంగానే సాగింది. ఒక పరీక్ష తప్పి, కొంతకాలం ఓడల్లో వైద్యుడిగా పనిచేసి, చివరికి 1881లో ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరి మద్రాసు చేరుకున్నారు.

మద్రాసు, బెంగుళూరు, బర్మా, అండమాన్ దీవులు... ఇలా బదిలీల మీద బదిలీలు. తీరిక వేళల్లో నవలలు, పద్యాలు రాసుకునేవారు. అయితే వెళ్లిన ప్రతిచోటా చలిజ్వరంతో వణికే సిపాయిలు, కూలీలు ఆయన కళ్ల ముందే పడి ఉండేవారు. మన పెద్దలు బారీ కా బుఖార్ అని పిలిచిన జ్వరం అదే. రోజు విడిచి రోజు వచ్చేది, మూడు రోజులకోసారి వచ్చేది అని దానిలో రకాలు లెక్కపెట్టేవారు. మందు ఒక్కటే, చేదు కొయినా. కారణం మాత్రం ఎవరికీ తెలియదు. బురదనేలల నుంచి లేచే చెడుగాలి వల్ల వస్తుందని యూరపు వైద్యులు కూడా నమ్మేవారు. మలేరియా అన్న మాటకు ఇటలీ భాషలో చెడుగాలి అనే అర్థం.

1880లో అల్జీరియాలో ఉన్న ఫ్రెంచి సైనిక వైద్యుడు లావెరాన్ రోగి రక్తంలో ఒక పరాన్నజీవిని కనుగొన్నారు. అయితే అది ఒకరి నుంచి మరొకరికి ఎలా చేరుతున్నది? 1894లో రాస్ సెలవు మీద లండన్ వెళ్లినప్పుడు పాట్రిక్ మాన్సన్ అనే పెద్ద డాక్టరు ఆయనకు సూక్ష్మదర్శినిలో ఆ జీవిని చూపించి, దోమను అనుమానించమన్నారు. ఆ రోజు నుంచి రాస్‌కు అదే ధ్యాస అయింది.

రెండేళ్ల వృథా శ్రమ

1895లో రాస్ పందొమ్మిదవ మద్రాసు పదాతి దళం వైద్యుడిగా సికింద్రాబాదు చేరుకున్నారు. రక్తంలో నెలవంక ఆకారపు పరాన్నజీవులున్న రోగుల కోసం వెతికారు. విషమించే రకం మలేరియాలో ఈ రూపాలు కనిపిస్తాయి. అబ్దుల్ ఖాదిర్ అనే రోగి దొరికాడు. తరువాత హుసేన్ ఖాన్ వచ్చాడు. రోగిని దోమతెరలో పడుకోబెట్టి, సీసాలో పెంచిన దోమలను లోపలికి వదిలేవారు. కుట్టిన దోమలను పట్టి, కడుపు కోసి, సూక్ష్మదర్శిని కింద అంగుళం అంగుళం వెతికేవారు.

ఏమీ కనిపించలేదు. నెలలు గడిచాయి, ఏమీ కనిపించలేదు. కారణం మనకు ఇప్పుడు తెలుసు. ఆయన పట్టినవి బూడిదరంగు దోమలు, చారల దోమలు. వాటిలో మనుషుల మలేరియా క్రిమి పెరగదు. ఏ తాళానికి ఏ చెవి అన్నది తెలియకుండా ఆయన గుత్తి మొత్తం తిప్పి చూస్తున్నారన్న మాట. మాన్సన్ ఊహలోనూ ఒక పొరపాటు ఉంది. దోమ నీళ్లలో పడి చస్తుందని, ఆ నీళ్లు తాగిన మనిషికి జ్వరం వస్తుందని ఆయన అనుకున్నారు. రాస్ ఆ దారినా పరీక్షలు చేశారు. నిలకడైన ఫలితం రాలేదు.

మధ్యలో కలరా పని మీద ఆయనను బెంగుళూరుకు పంపారు. 1897లో ఊటీ దగ్గరి సీగూరు లోయకు వెళ్లి తానే మలేరియా బారిన పడ్డారు. కోలుకుని ఆ ఏడు జూన్‌లో మళ్లీ సికింద్రాబాదు వచ్చారు. ఆగస్టు ఉక్కపోత. పంకా లాగిస్తే కోసిన దోమలు ఎగిరిపోతాయని పంకా ఆపించి కూర్చునేవారు. నుదుటి చెమట కారి సూక్ష్మదర్శిని మరలు తుప్పుపట్టాయి. దాని అద్దం కూడా పగిలింది. చిన్న చిన్న ఈగలు కళ్లలో, చెవుల్లో దూరేవి. అయినా ఆయన లేవలేదు.

హుసేన్ ఖాన్ చేతి మీద పది దోమలు

ఆగస్టు నెల నడుమ ఆయన పనివాళ్లు ఒక సీసాలో కొత్తరకం దోమ పిల్లలను తెచ్చారు. అవి పెరిగి గోధుమరంగు దోమలయ్యాయి. రెక్కల మీద మచ్చలున్నాయి. ఇవి అనాఫిలిస్ జాతి దోమలు. ఆగస్టు 16న పది దోమలను హుసేన్ ఖాన్ మీద వదిలారు. దోమకు అణా చొప్పున అతనికి పది అణాలు ఇచ్చారు. రూపాయికి పదహారు అణాలు ఉన్న రోజులవి.

కొన్ని దోమలు వాటంతటవే చచ్చాయి. కొన్నింటిని కోసి చూసినా ఫలితం లేదు. ఆగస్టు 20 నాటికి మిగిలినవి బహు కొద్ది. ఆ మధ్యాహ్నం ఒక దోమ కడుపు గోడలో గుండ్రని కణం ఒకటి ఆయన కంట పడింది. దానిలో నల్లని రేణువులు ఉన్నాయి. ఆ రేణువులు మలేరియా క్రిమికి మాత్రమే ఉండే గుర్తు. మరునాడు ఇంకొక దోమను కోశారు. అవే కణాలు, ముందురోజు కన్నా పెద్దవిగా కనిపించాయి. అంటే అవి దోమ కడుపులో పెరుగుతున్నాయన్న మాట! రెండేళ్లకు పైగా వెతికినది దొరికింది. ఆ వివరాలు అదే ఏడు డిసెంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చయ్యాయి. అందుకే ఆగస్టు 20ని ప్రపంచమంతా దోమల దినంగా పాటిస్తున్నది.

ఇక్కడ ఒక మాట చెప్పక తప్పదు. ఆ రోజుల్లో రోగి అనుమతి పత్రం, పరిశోధనా నియమాల కమిటీ వంటివి లేవు. ఒక పేద రోగికి అణాలిచ్చి దోమలతో కుట్టించడం నేడైతే అంత సులువుగా జరిగే పని కాదు. హుసేన్ ఖాన్‌కు ఆ కష్టం ఎందుకో ఎంత వివరించారో గాని, అతని రక్తం లేనిదే ఈ విజయం లేదు. వైద్యశాస్త్రం పేదవాడి దేహానికి ఎంత రుణపడి ఉందో ఆ పది అణాలు గుర్తు చేస్తాయి.

కలకత్తాలో మహమ్మద్ బక్ష్

ఆనందం ఎంతోకాలం నిలవలేదు. సెప్టెంబరులోనే రాజపుతానాలోని ఖేర్వాడాకు బదిలీ ఉత్తర్వు వచ్చింది. అక్కడ మలేరియా రోగులే లేరు. చివరికి 1898 ఆరంభంలో కలకత్తా చేరారు. ప్లేగు టీకాల భయం వల్ల అక్కడి జనం సూది చూస్తేనే పారిపోయేవారు. అందువల్ల రాస్ పక్షుల మలేరియా మీద పడ్డారు. పిచ్చుకల మలేరియాను మోసేది బూడిదరంగు దోమే. ఈ పనిలో ఆయనకు తోడుగా నిలిచినవాడు మహమ్మద్ బక్ష్. దోమలను పట్టడం, పెంచడం, పక్షుల మీద వదలడం అతని పని. రాత్రిళ్లు ప్రయోగశాలలోనే పడుకునేవాడు.

1898 జూలైలో క్రిమి దోమ కడుపు నుంచి లాలాజల గ్రంథులలోకి చేరుతుందని రాస్ కనుగొన్నారు. ఆ దోమలు కుట్టగా ఆరోగ్యంగా ఉన్న పిచ్చుకలకు మలేరియా వచ్చింది. చెడుగాలీ కాదు, చెడునీరూ కాదు, దోమకాటే దారి అని తేలిపోయింది. అదే ఏడు చివర ఇటలీలో గ్రాసీ, ఆయన సహచరులు మనుషుల మలేరియాను అనాఫిలిస్ దోమ తెస్తుందని నిరూపించారు.

1902లో రాస్‌కు నోబెల్ బహుమతి వచ్చింది. బ్రిటన్‌కు దక్కిన తొలి నోబెల్ అదే. 1911లో సర్ బిరుదు ఇచ్చారు. అయితే ఆయన మనసు చల్లబడలేదు. ఘనత ఎవరిదన్న విషయంలో గ్రాసీతో జీవితాంతం తగవు పడ్డారు. తన సేవకు తగిన ధనం ఇవ్వలేదని ప్రభుత్వం మీద అలిగారు. చివరి రోజుల్లో తన కాగితాలన్నీ 2000 పౌండ్లకు అమ్ముకున్నారు. 1932 సెప్టెంబరు 16న లండన్‌లో కన్నుమూశారు. ఎంత ఎదిగిన మనిషికైనా కీర్తికాంక్ష ఒక జ్వరమే, దానికి కొయినా లేదు.

అన్ని దోమలనూ చంపనక్కరలేదు

రాస్ చేసిన మరో పని గురించి చాలామందికి తెలియదు. లెక్కల మీది ఇష్టం ఆయనను వదలలేదు. ఒక ఊరిలో దోమలను చివరిదాకా చంపనక్కరలేదని, ఒక హద్దు కన్నా తగ్గిస్తే చాలు, మలేరియా తనంతట తాను అణగిపోతుందని లెక్కలు కట్టి చూపారు. 2020లో కరోనా వచ్చినప్పుడు ఒక రోగి నుంచి ఎందరికి సోకుతుందని రోజూ వార్తల్లో విన్నాము కదా! ఆ లెక్కల మూలపురుషులలో రాస్ ఒకరు.

స్వాతంత్ర్యం వచ్చేనాటికి మన దేశంలో ఏటా 7.5 కోట్ల మందికి మలేరియా సోకేదని, 8 లక్షల మంది చనిపోయేవారని అంచనా. 1953లో జాతీయ కార్యక్రమం మొదలై, 1960ల నాటికి రోగం బాగా తగ్గింది. జాగ్రత్త సడలగానే 1976లో మళ్లీ 64 లక్షల కేసులు వచ్చాయి. ఇప్పుడు మన దేశంలో మళ్లీ బాగా తగ్గింది. ప్రపంచంలో మాత్రం ఒక్క 2023లోనే 26.3 కోట్ల మందికి సోకింది, 5.97 లక్షల మంది మరణించారు. వారిలో అత్యధికులు ఆఫ్రికా పసిపిల్లలు.

ఆ పిల్లల కోసం ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఒక టీకాను, 2023లో ఆర్-21 అనే మరో టీకాను సిఫారసు చేసింది. రెండవదాన్ని పుణెలోని సీరం ఇన్‌స్టిట్యూట్ తయారు చేస్తున్నది. మొదటిదాని తయారీ పరిజ్ఞానాన్ని మన కాప్రాకు ఎంతో దూరం లేని షామీర్‌పేట జీనోమ్ వ్యాలీలోని భారత్ బయోటెక్‌కు ఇచ్చేందుకు 2021లో ఏర్పాటు జరిగింది. ఈ టీకాలు ఎదుర్కొనేది దేనినో తెలుసా? దోమ లాలాజలం నుంచి మన రక్తంలోకి వచ్చే క్రిమి రూపాన్నే. 1898లో రాస్ దోమ లాలాజల గ్రంథుల్లో చూసినది ఆ రూపమే.

మన ఇంటి సంగతి

మా దగ్గర చదువుకునే ఒక పిల్లవాడికి కొన్నేళ్ల కిందట రోజు విడిచి రోజు చలిజ్వరం వచ్చింది. రక్తపరీక్షలో వైవాక్స్ మలేరియా అని తేలింది. పద్నాలుగు రోజులు వాడవలసిన మాత్రలు ఇచ్చారు. మూడో రోజుకు జ్వరం తగ్గింది. అబ్బా, అమ్మీ సంతోషించి, వేడి చేస్తుందని మాత్రలు ఆపేశారు. మేమూ గట్టిగా చెప్పలేదు, ఆ తప్పులో మాకూ వాటా ఉంది. రెండు నెలలు తిరగకుండానే పిల్లవాడు మళ్లీ వణుకుతూ మంచమెక్కాడు. ఏడాది చదువు పోయింది.

ఈ రకం క్రిమి కాలేయంలో నిద్రపోయి దాక్కుంటుంది. జ్వరం తగ్గినా అది అక్కడే ఉంటుంది. ఆ నిద్రపోయే క్రిమిని చంపడానికే పద్నాలుగు రోజుల ప్రైమాక్విన్. కొందరి రక్తానికి ఈ మందు పడదు, గర్భిణులకు ఇవ్వరు. కనుక డాక్టరును అడిగే వాడాలి. మొదలుపెట్టాక మధ్యలో ఆపకూడదు.

మరో సంగతి. చెరువులోని మురుగునీటి దోమలు ఎక్కువగా బోదకాలు తెచ్చే జాతివి. పట్టణాల్లో మలేరియా, డెంగీ తెచ్చే దోమలు మన మేడమీది ట్యాంకులో, కూలరులో, పూలకుండీ కింది మంచినీటిలో గుడ్లు పెడతాయి. చెరువును తిట్టుకుంటూ కూర్చుంటే సరిపోదు. ట్యాంకుకు మూత ఉందో లేదో చూడాలి. వారానికి ఒక రోజు, ఏ జుమా రోజైనా సరే, నిల్వనీరు పారబోసి పాత్రలు ఆరబెట్టుకోవాలి. గుడ్డు దోమ అయ్యేందుకు వారం పది రోజులు పడుతుంది. ఆ గడువు దాటనివ్వకపోతే చాలు.

బేగంపేట పాత విమానాశ్రయం దగ్గర రాస్ పనిచేసిన భవనం ఇంకా ఉంది. నల్లకుంట కోరంటి ఆసుపత్రికి కూడా ఆయన పేరే పెట్టారు. అటుగా వెళ్లినప్పుడు పిల్లలకు ఆ పేరు చూపించండి. దానితోపాటు హుసేన్ ఖాన్ పేరు, మహమ్మద్ బక్ష్ పేరు కూడా చెప్పండి. వారి పేర్లతో ఆసుపత్రి లేకపోవచ్చు. ఇంట్లో ఎవరికైనా చలిజ్వరం వస్తే ఆ రోజే రక్తపరీక్ష చేయించి, ఇచ్చిన మాత్రలు ఆఖరు రోజుదాకా మింగించండి. వారు పడిన శ్రమకు మనం చెల్లించగలిగిన వెల ఇదే.