గ్రంథాలయాచార్య రంగనాథన్ గారు

మన విశ్వవిద్యాలయ గ్రంథాలయములలో నేడు క్రొత్త యంత్రములు ప్రవేశించుచున్నవి. పుస్తకమున కంటించిన చిన్న చిప్‌ను గుర్తించి దాని రాకపోకలను లెక్కించునవి కొన్ని. పాఠకుడు తన గదిలో కూర్చుండియే గ్రంథసూచిని చూచుకొన వీలు కల్పించునవి కొన్ని. వీనిని గూర్చి గ్రంథపాలకులలో ఏకాభిప్రాయము లేదు. కొందఱు స్వాగతించుచున్నారు, కొందఱు తమ యుద్యోగములకే ముప్పు వాటిల్లునని శంకించుచున్నారు. ఈ యుభయులును శియాళి రామామృత రంగనాథన్ గారి చరిత్రమును స్మరించుట మేలని మేము తలంచుచున్నాము.

వారు 1892వ సంవత్సరమున తంజావూరు జిల్లాలోని శియాళియందు జన్మించిరి. చెన్నపురి ప్రెసిడెన్సీ కళాశాలలో గణితోపాధ్యాయులుగా నుండగా, 1924లో మద్రాసు విశ్వవిద్యాలయమువారు వారిని తమ తొలి గ్రంథపాలకునిగా నియమించిరి. ఆ పని వారికి రుచింపలేదు. కొలది దినములకే తరగతి గదికి మరలిపోవ గోరిరి. అయినను ఆ యేడే శిక్షణకై లండను నగరమునకు పోయిరి. అచట వారి మనస్సు మాఱెను.

లండనులోని యొక పెద్ద అంగడిలో మెకానో అను ఆటవస్తువును వారు చూచిరి. అవే రేకులు, అవే చక్రములు, అవే మరలు. కూర్పు మాఱినకొలది వేఱువేఱు బొమ్మలగుచుండెను. గ్రంథ విషయములను గూడ నిట్లే అంశములుగా విడదీసి వలసినట్లు కూర్పవచ్చునని వారికి తోచెను. 1933లో ప్రకటితమైన కోలన్ వర్గీకరణమునకు ఆ యూహయే మూలము.

1925లో తిరిగివచ్చిన పిదప వారు పాఠకులను పుస్తకముల నడుమకు స్వేచ్ఛగా రానిచ్చిరి. పుస్తకములను బీరువాలలో పెట్టి తాళము వేయుటయే గ్రంథపాలకుని ధర్మమని పలువురు నమ్మిన కాలమది. పుస్తకములు పోవుననియు, వరుస చెడుననియు భయము సహజమే. కాని చదువబడని పుస్తకము పోయినదానితో సమానమేగదా! గ్రంథములు వినియోగమునకే యనియు, పాఠకుని కాలము వృథా కారాదనియు, గ్రంథాలయము నిత్యము పెరుగుచుండు జీవమువంటిదనియు 1931లో వెలువరించిన పంచసూత్రములలో వారు ప్రతిపాదించిరి.

ఆంధ్రులకును వారు ఉపకర్తలే. వారి కృషి ఫలముగా 1948లో మద్రాసు పబ్లిక్ లైబ్రరీల చట్టము వెలసెను. నాడు మన కోస్తా, రాయలసీమ జిల్లాలు ఆ రాష్ట్రములోనివే. ఇంటిపన్నుతోపాటు గ్రంథాలయ సుంకము వసూలుచేసి పుస్తకములకు స్థిరమైన ఆదాయము కల్పించిన శాసనమది. తాము కూడబెట్టిన లక్ష రూపాయలను రంగనాథన్ గారు మద్రాసు విశ్వవిద్యాలయమునకే యిచ్చి, భార్య శారదమ్మగారి పేర గ్రంథాలయశాస్త్ర పీఠమునకు కారకులైరి. 1972లో బెంగుళూరున దివంగతులైరి.

ఈ జీవితము మనకు రెండు సంగతులు బోధించుచున్నది. విముఖత చూపు గ్రంథపాలకుని మందమతియని నిందింపరాదు. రంగనాథన్ గారే తొలుత విముఖులు. వారిని మార్చినది ఉత్తరువు కాదు, శిక్షణ. కావున యంత్రములకు ధనము వెచ్చించు అధికారులు వానిని నడుపువారి శిక్షణకును ధనము కేటాయింపవలెను. ఇక గ్రంథపాలకులు అడుగవలసిన ప్రశ్న యొక్కటే: దీనివలన పాఠకునికి పుస్తకము త్వరగా చేరునా? చేరునేని దానిని నిరాకరించుట తాళము వేసిన బీరువాల కాలమునకు మరలుటయే. చేరదేని అది వట్టి యాడంబరము. పాఠకుని యవసరమెఱిగి పుస్తకము చేతికిచ్చు గ్రంథపాలకునికి ఏ యంత్రమువలనను భయము లేదని మా విశ్వాసము.