మన్రో దొర అడిగించిన ప్రశ్న

మన సంఘంలో ఎనభై దాటిన పెద్దలను కదిలిస్తే, అయ్యవారి బడిలో ఇసుక మీద వేలితో అ ఆలు దిద్దిన సంగతి ఇప్పటికీ చెబుతారు. వేలి కొస మండేదనీ, తప్పు రాస్తే అయ్యవారు అరచేత్తో ఇసుక చదును చేసి మళ్ళీ మొదలు పెట్టించేవారనీ అంటారు. ఆ ఇసుక చదువును దాదాపు రెండు వందల ఏళ్ళ కిందట సర్కారు కాగితాల్లోకి ఎక్కించినవాడు సర్ థామస్ మన్రో. ఆయన్ను మనం రైతువారీ పద్ధతి తెచ్చిన కలెక్టరుగా, మంత్రాలయం మఠం కథలో రాఘవేంద్రస్వామి దర్శనమిచ్చిన దొరగా ఎరుగుదుము. చిన్నపిల్లల చదువుతో ఆయనకున్న సంబంధం అంతగా ప్రచారంలో లేదు.

మన్రో 1761 మే 27న స్కాట్లండులోని గ్లాస్గోలో ఒక వర్తకుడి ఇంట పుట్టాడు. అమెరికా యుద్ధంతో తండ్రి వ్యాపారం దెబ్బతింది. కుర్రవాడు కంపెనీ సైన్యంలో చేరి 1780లో మద్రాసులో దిగాడు. హైదరాలీతో, టిప్పుతో జరిగిన యుద్ధాల్లో పనిచేశాడు. తర్వాత బారామహల్లో, కెనరాలో రెవెన్యూ పని నేర్చాడు. 1800లో నిజాం దత్తమండలాలను కంపెనీకి వదిలేసినప్పుడు వాటికి ప్రధాన కలెక్టరుగా వచ్చి, 1807 దాకా గుడారాల్లో కాపురముంటూ ఊరూరా తిరిగి పొలాలు కొలిపించాడు. అప్పుడు ఆదోని సీమ కూడా ఆయన కిందికి వచ్చింది. ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాలు బళ్ళారి జిల్లాలో ఉండేవి, 1953లో గాని కర్నూలు జిల్లాలో కలవలేదు.

1820లో మన్రో మద్రాసు గవర్నరయ్యాడు. 1822 జూన్ 25న ఆయన రాసిన ఉత్తర్వు నాకు చాలా నచ్చుతుంది. ఈ దేశస్థులకు చదువు లేదని అప్పట్లో చాలామంది దొరలు తేల్చేసేవారు. మన్రో అలా తేల్చకుండా ముందు లెక్క అడిగాడు. ఏ ఊళ్ళో ఎన్ని బడులు, ఎందరు పిల్లలు, ఏ కులాలవారు, ఏ పుస్తకాలు చదువుతారు, అయ్యవారికి ఏం ముడుతుంది, సర్కారు సాయం ఏమైనా ఉందా అని కలెక్టర్లందరినీ రాయమన్నాడు.

బళ్ళారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ 1823 ఆగస్టులో జవాబు పంపాడు. ఈయన తెలుగు బాగా నేర్చినవాడు. 1816లో తెలుగు వ్యాకరణం, 1821లో నిఘంటువు అచ్చు వేయించాడు. అందుకే ఆ జవాబులో అంకెలతో పాటు బడి కూడా కనిపిస్తుంది.

అయిదో ఏట పిల్లవాడి ఇంటికి అయ్యవారినీ బడిపిల్లలనీ పిలిచి, వినాయకుడి ఎదుట కూర్చోబెట్టి బియ్యంలో వేలితో రాయిస్తారు. మర్నాటి నుంచి బడి. పొద్దున్న ఆరింటికల్లా చేరాలి. అందరికన్నా ముందు వచ్చినవాడి అరచేతిలో సరస్వతి పేరు రాస్తారు, రెండోవాడికి సున్న, మూడోవాడికి ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు. ముందు నేర్చిన పిల్లలే వెనకవాళ్ళకు నేర్పుతారు.

ఇక అక్షరాల సంగతి. పిల్లలు వర్ణమాలను నోటితో వల్లించి కాక, ఇసుకలో వేలితో రాసి నేర్చుకుంటారని, ఐరోపా పద్ధతికి ఇదే తేడా అని క్యాంప్‌బెల్ గమనించాడు. చేయి తిరిగాక తాటాకు మీద గంటంతోనో, కాగితం మీద కలంతోనో రాస్తారు. మన వైపు ఎక్కువగా వాడింది బొగ్గుపొడి పూసిన చెక్కపలక, గంజి పెట్టి మడతలు పెట్టి మసి పూసిన గుడ్డ కడితం. రాయడానికి బలపం, చెరపడానికి తడిగుడ్డ. అక్షరాలు పట్టుబడ్డాక గుణింతాలు, తర్వాత మనుషుల పేర్లు, ఊళ్ళ పేర్లు, జంతువుల పేర్లు, చివర అంకెలు.

ఈ వరసలో ఉన్న తెలివిని నేను మా మనవడి దగ్గర చూశాను. ఎమ్మిగనూరు అని రాయమంటే వత్తు మింగేసి ఎమిగనూరు అని రాశాడు. పదిసార్లు కాపీ రాయించినా ఫలితం లేదు. పళ్ళెంలో సన్న ఇసుక పోసి, ఎమ్ అని ఒక్క క్షణం ఆపి, మి అని పలికిస్తూ వేలితో రాయించాను. పెదవులు రెండుసార్లు పనిచేస్తున్నాయని వాడే కనిపెట్టాడు. తర్వాత ఆదోని, కోసిగి, మంత్రాలయం, పత్తికొండ. తెలిసిన ఊరి పేరయితే రాసింది తప్పో ఒప్పో పిల్లవాడి చెవే చెబుతుంది. మన లిపిలో అక్షరం పేరే దాని శబ్దం కనుక ఈ పని ఇంగ్లీషులో కన్నా మనకు సులువు.

క్యాంప్‌బెల్ లోపాలూ రాశాడు. పద్యాలు కంఠస్థం చేస్తారు గాని అర్థం తెలియదు, చాలామంది అయ్యవార్లకూ తెలియదు. జిల్లా మొత్తం మీద 533 బడులు, అందులో కన్నడం 235, తెలుగు 226. పిల్లలు 6,641 మంది, వారిలో ఆడపిల్లలు అరవై మందే. జనాభా తొమ్మిది లక్షల పైచిలుకు. ఇసుకలో రాసే పిల్లవాడికి నెలకు పావు రూపాయి, కాగితం దాకా వచ్చినవాడికి అర్ధ రూపాయి జీతం. ఆ పావు రూపాయి కూడా కరువై బడులు క్షీణిస్తున్నాయనీ, ఇంగ్లండు బట్ట వచ్చి మన నేతపనివారి బతుకు చితికిందనీ, ఒక్క బడికీ సర్కారు సాయం లేదనీ దాచకుండా రాశాడు. మగ్గాల ఊరు ఎమ్మిగనూరు వాళ్ళకు ఈ మాట వేరే విడమరచి చెప్పనక్కర్లేదు. కంపెనీ ఉద్యోగి కంపెనీకే ఈ మాట రాశాడంటే మెచ్చుకోవాలి.

మన్రో అన్ని జిల్లాల లెక్కలూ చూసి 1826 మార్చి 10న తన నిర్ణయం రాశాడు. రాజధాని మొత్తం మీద 12,498 బడులు, సుమారు వెయ్యి మందికి ఒకటి. ప్రతి కలెక్టరేటులో రెండు పెద్ద బడులు, ప్రతి తాసీల్దారీలో ఒక బడి, పెద్ద బడి అయ్యవారికి నెలకు 15 రూపాయలు, తాసీల్దారీ బడి అయ్యవారికి 9 రూపాయలు, మొత్తం ఖర్చు ఏడాదికి 48,000 రూపాయలు అని లెక్క కట్టాడు. నెల జీతం మీద బతికిన మనకు ఆ 9 రూపాయల విలువ అర్థమవుతుంది. అయ్యవారికి పిల్లల వల్ల నెలకు ఆరేడు రూపాయలు కూడా రావడం కష్టమైన రోజులవి. అయితే ఆడపిల్లల కోసం ఆ పథకంలో విడిగా ఏమీ లేదు. వసూలైన శిస్తుతో పోలిస్తే ఆ 48,000 చాలా చిన్న మొత్తమని కూడా అనాలి.

పథకం కుదుటపడేదాకా ఆయన ఉండలేదు. 1826లో భార్యాబిడ్డలు స్వదేశానికి వెళ్ళారు. తానూ వెళ్ళబోతూ దత్తమండలాల వారిని చివరిసారి చూడాలని బయల్దేరాడు. దారిలో కలరా తగిలి 1827 జూలై 6న మన పత్తికొండలో కన్నుమూశాడు. గుత్తిలో పాతిపెట్టి, తర్వాత మద్రాసు కోటకు తరలించారు. పత్తికొండలో ఆయన పేర రాతిమెట్ల బావి తవ్వించి తోపు వేశారు.

ఆయన పెట్టించిన బడులను 1836లో ఎత్తివేశారు. ఆ తర్వాత కూడా మన పల్లెల్లో అయ్యవార్లు అరుగుల మీద ఇసుక పోసి పిల్లల చేత దిద్దిస్తూనే ఉన్నారు. జీతం మాత్రం పిల్లల తల్లిదండ్రులు ఇచ్చుకోగలిగినంతే.